భరతుడి లేడిపిల్ల

కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ పోయే రైలు మార్గంలో శివరాంపల్లి దాటితే బుద్వేల్ స్టేషన్ వస్తుంది. అక్కడికి దక్షిణాన కొన్ని కిలోమీటర్ల దూరంలో శంషాబాద్ విమానాశ్రయం. పాలమూరు నుంచి సెంట్రింగ్ పనికి, అడ్డా కూలికి వచ్చేవాళ్లు ఈ పట్టాల మీదుగానే పట్నం చేరతారు. 2008 నుంచి అమెరికాకు, కువైట్‌కు, దుబాయ్‌కి వెళ్లేవాళ్లు ఆ విమానాశ్రయంలోనే విమానం ఎక్కుతున్నారు. ఒకరిది పూట ప్రయాణం, ఇంకొకరిది సముద్రాలు దాటే ప్రయాణం. కానీ రెండు దారుల్లోనూ పసిబిడ్డను అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో వదిలి కదిలే తల్లిదండ్రులు ఉన్నారు.

వాళ్లకు పెద్దలు చెప్పే ధైర్యం ఒకటే. "నాలుగు రోజులు ఏడుస్తాడు, తర్వాత అలవాటైపోతుంది." దానికి కాస్త వేదాంతం కూడా కలుస్తుంది: ఎవరికి ఎవరు శాశ్వతం, అంతా రుణానుబంధం. నాలుగు రోజులకు బిడ్డ ఏడుపు ఆపడం నిజమే. ఆ మౌనం ఏమిటన్నదే అసలు ప్రశ్న. మమకారాన్ని బంధనమని చెప్పే మన ధర్మం, రెండేళ్ల బిడ్డ మమకారం గురించి ఏమంటుంది?

ఈ ప్రశ్న వేస్తే ముందుగా గుర్తొచ్చేది భాగవతం పంచమ స్కంధంలోని భరతుడి కథ. తెలుగులో ఆ స్కంధం రాసింది పోతన కాదు, గంగన. రాజ్యాన్ని, కొడుకులను వదిలి గండకీ నది ఒడ్డున తపస్సు చేసుకుంటున్న భరతుడి కళ్లెదుట, సింహగర్జనకు బెదిరిన నిండు చూలాలైన లేడి ఏరు దాటబోయి, నీళ్లలోనే పిల్లను కని చచ్చిపోతుంది. కొట్టుకుపోతున్న పిల్లను ఆయన ఒడ్డుకు తెస్తాడు. మేత పెడతాడు, భుజాన మోస్తాడు, కనబడకపోతే కంగారుపడతాడు. జపం వెనకబడుతుంది. చివరి ఘడియలో మనసు లేడి మీదే ఉండడంతో మరుజన్మలో లేడై పుడతాడు. పురాణ కాలక్షేపాల్లో ఈ కథకు చెప్పే నీతి అందరికీ తెలిసిందే: అంతటి రాజర్షిని కూడా మమకారం కిందికి లాగింది.

లేడిపిల్ల వైపు నుంచి ఈ కథ చెప్పినవాళ్లు అరుదు. భరతుడు కళ్లు మూసుకుని జపం కొనసాగించి ఉంటే ఆయనకు మోక్షం దక్కేదేమో, పిల్ల మాత్రం ఏట్లో పోయేది. అది బతికింది ఆయన తప్పుగా లెక్కకొచ్చిన ఆ మమకారం వల్లే. ఆయన ప్రాణం పోయేవేళ ఆ లేడి కన్నబిడ్డలా పక్కన కూర్చుని దుఃఖించిందని కూడా భాగవతమే చెబుతుంది. భరతుడు వదులుకున్నవన్నీ ముందు అనుభవించి వదులుకున్నవి. పసివాడి చేతిలో వదులుకోవడానికి ఏముంది? ఏడిస్తే పలికే మనిషి ఒకరుంటారన్న నమ్మకం తప్ప.

ఆ మనిషి మాయమైతే ఏమవుతుందో ఇరవయ్యో శతాబ్దంలో దగ్గరగా చూసినవాళ్లున్నారు. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీని నాలుగేళ్ల వయసు వరకు పెంచింది ఇంట్లోని ఆయా. ఆమె వెళ్లిపోయిన బాధ ఆయన పెద్దయ్యాక కూడా మరిచిపోలేదు. తల్లి సంరక్షణ కరువైన పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో నివేదిక రాసింది ఆయనే. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ మరుసటి ఏడాది, ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్న రెండున్నరేళ్ల పాప మీద చిన్న సినిమా తీశారు. ఇలాంటి పిల్లల్లో వాళ్లు మూడు దశలు గమనించారు. మొదట గుక్కపట్టి ఏడుపు. తర్వాత దిగులు, తిండి మీద ధ్యాస లేకపోవడం. మూడో దశలో బిడ్డ మామూలుగా కనిపిస్తుంది, నర్సులతో నవ్వుతుంది, కానీ తల్లి వస్తే మొహం తిప్పుకుంటుంది. ఆనాటి ఆస్పత్రులు దాన్నే కుదుటపడడం అనుకున్నాయి. మనం "అలవాటైపోయింది" అంటున్నది చాలాసార్లు దీన్నే.

నష్టం ఎంత లోతుగా ఉంటుందో చూపింది రుమేనియా. బుకారెస్ట్ అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలతో 2000లో మొదలైన అధ్యయనంలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. రెండేళ్ల లోపు కుటుంబం దొరికిన పిల్లలు తెలివిలోనూ, మనుషులకు దగ్గరవడంలోనూ ఎక్కువగా కోలుకున్నారు. దీన్ని చూసి అమ్మమ్మ ఇంట్లో పెరిగే బిడ్డ గురించి బెంబేలు పడనక్కర్లేదు. అక్కడ ఎత్తుకునే చెయ్యి ఉంది. బిడ్డకు కావాల్సింది మారిపోకుండా ఉండే మనిషి, ఆ మనిషి కన్నతల్లే కానవసరం లేదు. పుట్టిన ఏడో రోజున మాయాదేవిని పోగొట్టుకున్న సిద్ధార్థుణ్ణి పినతల్లి మహాప్రజాపతి గౌతమి పెంచింది.

ఆ సిద్ధార్థుడే బుద్ధుడై వచ్చి తన కొడుకు రాహులుణ్ణి సంఘంలో చేర్చుకున్నప్పుడు తాత శుద్ధోదనుడు తల్లడిల్లాడు. ఇకపై తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవరికీ ప్రవ్రజ్య, అంటే సన్యాస దీక్ష, ఇవ్వవద్దని కోరాడు. బుద్ధుడు ఒప్పుకుని దాన్ని నియమం చేశాడని వినయపిటకం చెబుతుంది. సర్వం త్యజించినవాడు కూడా ఒక ముసలి తాత దుఃఖానికి తలొగ్గాడు. అయితే ఆ నియమం అడగమన్నది పెద్దలను. పిల్లవాణ్ణి అడగడం అప్పుడూ లేదు, ఇప్పుడూ తక్కువే.

అమెరికాలోని తెలుగు ఇళ్ల సంగతే చూడండి. అక్కడి 1993 నాటి కేంద్ర చట్టం ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. సాయానికి వెళ్లిన అమ్మమ్మకు సందర్శక వీసా మీద మామూలుగా దొరికేది ఆరు నెలలు. గడువు తీరాక కొందరు అమ్మమ్మలు మనవణ్ణి చంకనేసుకుని శంషాబాద్‌లో దిగుతారు. అది తల్లి చేసిన తప్పు కాదు. బిడ్డకు అమ్మమ్మే అమ్మ అవుతుంది, కన్నతల్లి ఫోన్‌లో కనబడే మొహం అవుతుంది. మూడు నాలుగేళ్లకు బడి కోసం మళ్లీ తీసుకెళ్తారు. ఇంటిల్లిపాదీ మొదటి ఎడబాటునే లెక్కపెడతారు. బిడ్డకు ఊహ తెలిశాక జరిగే రెండోదే ఎక్కువ బరువైనది. అందరూ "సొంత అమ్మ దగ్గరికే కదా" అంటారు గనుక ఆ ఏడుపును పట్టించుకునేవాళ్లు కూడా ఉండరు.

తెలంగాణ హైకోర్టు కొత్త భవనాలకు 2024 మార్చిలో రాజేంద్రనగర్ దగ్గర, బుద్వేల్ పక్కనే శంకుస్థాపన జరిగింది. న్యాయస్థానం వచ్చే చోటు గనుక, ఇలాంటి బిడ్డల గురించి చట్టం మాట కూడా చూద్దాం. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెబుతోంది. యాభై మందికి మించి ఆడకూలీలు పనిచేసే కట్టడం దగ్గర ఆరేళ్లలోపు పిల్లలకు గది, చూసుకునే మనిషి ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఆ గది ఉంటే పాలమూరు తల్లి బిడ్డను ఊళ్లో వదలనక్కర్లేదు, ఇసుక కుప్ప పక్కన చీర ఉయ్యాలలో పడుకోబెట్టి పైఅంతస్తు ఎక్కనక్కర్లేదు. ఈ చుట్టుపక్కల లేస్తున్న ప్రతి అపార్ట్‌మెంట్ దగ్గర ఆ గది ఎక్కడని ఫ్లాట్ కొనేవాళ్లే బిల్డర్‌ను అడగాలి.

ఇక బిడ్డను వదిలి వెళ్లక తప్పనివాళ్లకు ఒక మనవి. నిద్రపుచ్చి దొంగచాటుగా వెళ్లకండి. చెప్పి వెళ్లండి, ఏడిస్తే ఏడవనివ్వండి. తిరిగి తీసుకెళ్లేటప్పుడు అమ్మమ్మకు కూడా టికెట్ తీయండి, కొత్త ఇంట్లో బిడ్డ కుదురుకునే దాకా కొన్నాళ్లు ఉండమనండి.