పెండ్లికి పడవలో

పెండ్లిలో స్నేహితుడికి ఏం పని? మన తంతును మొదటి నుంచి చివరి దాకా చూడండి. పెండ్లికూతుర్ని పీటల మీదికి తీసుకురావడానికి మేనమామ ఉండాలి. తోడిపెండ్లికొడుకుగా వరసైన పిల్లవాడు కావాలి. హారతికి ఆడపడుచు, అరివేణి కుండలకు కుమ్మరి, కాలిగోళ్ళకు మంగలి, మేళానికి వాయిద్యగాళ్ళు. వీళ్ళలో ఏ ఒక్కరు కనిపించకపోయినా పెద్దలు "యాడికి పోయినారు?" అని కేకలేస్తారు. స్నేహితుడికి మాత్రం శాస్త్రంలోనూ చోటు లేదు, ఆచారంలోనూ చోటు లేదు. అతను రాకపోయినా తాళి పడే వేళకు పడుతుంది. అయినా పీటల మీద కూర్చున్నవాడు తలెత్తి జనంలో వెదికేది చాలాసార్లు ఆ పనిలేని మనిషినే. ఏ పనీ లేనివాడి రాకకు ఇంత విలువ ఎట్లా వచ్చింది?

కర్నూలు నుంచి కడపకు పెండ్లికి పోవాలంటే ఈరోజు నాలుగైదు గంటల బస్సు. కోడికూతకు బయల్దేరి, అక్షింతలు వేసి, ఓళిగలు తిని, రాత్రికి ఇల్లు చేరుకుంటాం. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా పోయే ఆ రోడ్డుకు కాస్త అటూ ఇటూగా ఒక నీళ్ళ దారి కూడా సాగుతుంది. అదే కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ. మడికి నీళ్ళిచ్చే కాలువగానే ఇప్పుడు మనకది తెలుసు. 1860ల్లో తవ్వినప్పుడు మాత్రం దాన్ని పంటకూ పడవకూ కలిపి తవ్వారు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టారు. మిట్టకందాల దగ్గర మిట్టను కోసి, కృష్ణ వైపు పోయే నీటిని పెన్నా వైపు తిప్పారు. కుందూ మీద సంతజుటూరు, రాజోలి ఆనకట్టలు, పెన్నా మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట కట్టి, 190 మైళ్ళ దూరం నడిపించి కడపకు చేర్చారు. రైలు కంటే నీటి దారి చవక అని జీవితమంతా వాదించిన సర్ ఆర్థర్ కాటన్ కల అది. పెన్నా వెంట నెల్లూరు తీరం దాకా పడవలు పోవాలన్నది తొలి ఆలోచన. లండన్‌లో పెట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పనికి దిగింది. ఆ కంపెనీ పది లక్షల పౌండ్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ వచ్చేటట్టు ప్రభుత్వం పూచీ పడింది.

లెక్క తప్పింది. నల్లరేగడి రైతుకు జొన్న, కొర్ర, పత్తి వాన నీటికే పండుతాయి. డబ్బిచ్చి నీళ్ళు కొనాల్సిన అవసరం అతనికి కనిపించలేదు. అటు రైలు 1871 నాటికే మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు చేరి బొంబాయి లైనులో కలిసింది. 1882లో ప్రభుత్వం కాలువను కంపెనీ నుంచి కొనేసింది. పడవలు కొన్ని దశాబ్దాలు తిరిగి ఆగిపోయాయి. ఇప్పుడు మిగిలింది 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు, ఏటా దానికి నీళ్ళ కోసం సాగే కొట్లాట. కంపెనీ ఖాతా పుస్తకంలో ఆ పడవలు నష్టం కింద పోయాయి. ఒక దారి మనిషికి ఏమిచ్చిందో చెప్పడానికి ఆ పుస్తకం ఒక్కటే చాలదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ పడవల్లో ఎవరో ఒకరు స్నేహితుడి పెండ్లికి పోయే ఉంటారు. పడవను గట్టు మీది మనుషులు తాడుకట్టి లాగుకుంటూ పోతే వాళ్ళ నడకే పడవ వేగం. రోజుకు పదిహేను ఇరవై మైళ్ళు సాగినా, సుంకేసుల నుంచి కడపకు పది పన్నెండు రోజులు. అన్ని రోజులూ పడవే ఇల్లు. వంట అందులోనే, పడక అందులోనే. కాలువ పల్లానికి దిగే ప్రతిచోటా లాకు ఉంటుంది. పడవ రాతిగోడల మధ్యకు వచ్చి ఆగుతుంది. వెనక తలుపులు మూసి, ముందు తలుపుల్లోని చిన్న తూము తెరుస్తారు. నీళ్ళు దిగేకొద్దీ పడవ అంగుళం అంగుళంగా దిగుతుంది. లోపల కూర్చున్నవాడికి గట్టే పైకి లేస్తున్నట్టు కనిపిస్తుంది. తడిసిన రాయి వాసన వస్తుంది. రెండు వైపులా నీటిమట్టం సమానమయ్యేదాకా ముందు తలుపు కదలదు. ఎంత బలవంతుడు తోసినా కదలదు, ఎంత తొందర ఉన్నా కదలదు. ముహూర్తం దగ్గరపడుతున్నదని నీళ్ళకు చెప్పలేం కదా.

నాలుగు గంటల బస్సులో మనకు స్నేహాన్ని గురించి ఆలోచించే పని పడదు. కిటికీ పక్కన కునుకు తీసే లోపల ఊరు వచ్చేస్తుంది. పది రోజుల పడవలో మాత్రం మనిషి తనను తాను అడక్క తప్పదు: నేనెందుకు పోతున్నాను? పోకపోతే మాట పడతాననా? నా పెండ్లికి అతను వచ్చాడు గనుక బాకీ తీర్చడానికా? అతని మీద ప్రేమతోనా, లేక నలుగురిలో కనిపించాలనా? మొదటి రోజు చెప్పుకున్న జవాబు అయిదో రోజుకు నిలవదు. రాత్రి లాకు దగ్గర కట్టేసిన పడవలో వెల్లకిలా పడుకున్నవాడికి, స్నేహితుడితో తగాదాపడిన రోజు కూడా గుర్తుకొస్తుంది. దాన్ని దాటుకుని పోవాలా వద్దా అని తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే ఏ రేవులోనో దిగి వెనక్కి తిరగవచ్చు. తిరగకుండా ముందుకు సాగినవాడు తన ఆయుష్షులోంచి కొన్ని రోజులు తీసి ఇంకొకడి సంతోషానికి పెట్టినట్టే. తంతులో ఏ పనీ లేనివాడు ఇవ్వగలిగింది అదే.

పెండ్లిపందిట్లో ఒక మూల చిన్న బల్ల వేసుకుని, చదివింపుల పుస్తకం పట్టుకుని ఒకాయన కూర్చుంటాడు. ఊరు, పేరు, మొత్తం. నూట పదహారు, అయిదు వందల పదహారు, వెయ్యి నూట పదహారు. ఆ పుస్తకాన్ని నేను తక్కువ చేసి చూడను. అప్పుల్లో ఉన్న ఇంటికి ఆ పూట అది పెద్ద ఆసరా. రేపు వాళ్ళింట్లో పెండ్లి జరిగితే తిరిగి ఎంత పెట్టాలో చెప్పే న్యాయమైన లెక్క. కానీ ఆ పుస్తకంలో పది రోజుల ప్రయాణానికి గడి లేదు. కంపెనీ ఖాతాలోనూ లేదు, పందిట్లో పుస్తకంలోనూ లేదు. ఎక్కడా రాయని ఆ బాకీని తిరిగి అడిగేవాడు ఉండడు. అందుకే కాబోలు, స్నేహితుడు వచ్చిన సంగతి పెండ్లికొడుకు ముసలివాడయ్యాక కూడా మరిచిపోడు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. పడవలో పడుకుని ప్రేమను తూచుకునేవాడి తీరిక ఎవరి భుజాల మీద నడిచింది? తాడు లాగేవాడి భుజం మీదే కదా. పది రోజులు ఎండలో నడిచిన ఆ మనిషికి పెండ్లి పిలుపు లేదు. అతని ఇంట్లోనూ పెండ్లిళ్ళు జరిగే ఉంటాయి, అతని స్నేహితులూ ఏదో ఊళ్ళో ఎదురుచూసే ఉంటారు. అంతకంటే పెద్ద ప్రశ్న కరువుది. 1876-78 ధాత కరువులో కర్నూలు, కడప సీమల్లో జనం లెక్కలేనంతమంది పోయారు. ఆ ఏళ్ళలోనూ ఈ కాలువ పారింది, ఎక్కడో ఒకచోట పెండ్లి మేళమూ మోగే ఉంటుంది. గట్టు మీద ఆకలి నిలబడి చూస్తుంటే, పడవలో పెండ్లికి పోవడం న్యాయమా?

దీనికి శాస్త్రాల్లో జవాబు వెదకడం కంటే మనుషుల నడవడిలో వెదకడం మేలు. గోదావరి పాయల మధ్య లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఉండేవారు. 1909లో కన్నుమూసేదాకా వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టారు. ఆమె ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయల్దేరితే దారిలో ఒక పెండ్లిబృందం ఎదురైందని కోనసీమలో చెప్పుకుంటారు. ఆకలితో ఏడుస్తున్న పిల్లలను పెద్దవాళ్ళు "కాసేపు ఓర్చుకోండి, సీతమ్మ గారిల్లు వస్తుంది" అని ఊరడిస్తున్నారు. ఆ మాట విని ఆమె యాత్ర మానుకుని ఇంటికి తిరిగిపోయారట, వాళ్ళకంటే ముందు చేరి పొయ్యి వెలిగించడానికి. పోవలసిన చోటికి పోవడం ఎంత ముఖ్యమో, అవసరమైతే వెనక్కి తిరగడమూ అంతే ముఖ్యమని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గట్టు మీది మనిషిని చూసి ఆగలేనివాడు పెండ్లికి చేరినా స్నేహితుడిగా చేరినట్టు కాదు. నా మటుకు నాకు ఇందులో అనుమానం లేదు.

ఆ పడవ ఇంకో పని కూడా చేసి ఉండాలి. ఊళ్ళో వేరు వేరు వీధుల్లో బతికేవాళ్ళు ఒకే చెక్క మీద రోజుల తరబడి పడుకోవాలి, ఒకే నీళ్ళు తాగాలి. ఎవరి కుండ వాళ్ళదే అని మొదలైన ప్రయాణం చివరి దాకా అట్లాగే సాగిందా? కొందరి మధ్యన సాగే ఉంటుంది. కులమన్నది పెండ్లిలో కంటే గట్టిగా ఇంకెక్కడా కనిపించదు. పెండ్లిలో చుట్టం వరసతో వస్తాడు, వృత్తివాడు మిరాశీతో వస్తాడు, ఇద్దరి చోటూ పుట్టుకతోనే ఖాయమైంది. ఎన్నుకుని వచ్చినవాడు స్నేహితుడొక్కడే. వేమనకు అభిరాముడనే కంసాలి ప్రాణస్నేహితుడని మన సీమలో తరతరాలుగా చెప్పుకుంటున్నారంటే, వరస కలవని చోట కలిసిన మనసుల మీద మన జనానికి ఎంత గౌరవమో చూడండి. తంతులో చోటు లేకపోవడమే స్నేహితుడికి దక్కిన స్వేచ్ఛ అనిపిస్తుంది నాకు.

పడవ ప్రయాణం ఇక్కడ పూర్తిగా పోలేదు. శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్ళు నిలిచి 1981లో ఊళ్ళు ఖాళీ అయ్యాక, సంగమేశ్వరం వైపు నుంచి అవతల సోమశిల, కొల్లాపూర్ వైపు ఉన్న చుట్టాలను చూడటానికి జనం పడవలే ఎక్కుతున్నారు. అక్కడ వంతెనకు 2022లో కేంద్రం అనుమతి ఇచ్చింది. రావలసిందే. మునిగిన పడవల్లో పోయిన ప్రాణాలను ఎరిగినవాళ్ళెవరూ నిదానపు ప్రయాణం అందమని చెప్పి వంతెనను వద్దనరు.

ఆలస్యాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. రాకకు విలువ దూరాన్ని బట్టీ రోజులను బట్టీ మాత్రమే రాదు. దేన్ని విడిచి వచ్చాడన్నదాన్ని బట్టి వస్తుంది. కోసిగి, ఆదోని పల్లెల నుంచి సుగ్గికి, అంటే కూలి పనికి వలసగా, గుంటూరు మిరపచేలకు పోయినవాళ్ళను తలుచుకోండి. చేను గట్టున గుడిసె వేసుకుని ఉన్న ఆ కూలికి స్నేహితుడి పెండ్లి అంటే రెండు రోజుల కూలి, రానుపోను చార్జీ. ఆ లెక్క వేసుకుని కూడా వచ్చినవాడి ముందు, జీతం కోతపడని సెలవు పెట్టి కారులో వచ్చినవాడి రాక చిన్నదే. రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ పోయినవాళ్ళు అసలు రాలేరు. తెల్లవారుజామున నాలుగు గంటల ముహూర్తమంటే అక్కడ రాత్రి ఒకటిన్నర. పగలంతా ఇంకొకరింట్లో చాకిరీ చేసి, తెల్లారితే మళ్ళీ పనికి లేవాల్సినవాడు, ఆ వేళకు మేలుకుని ఫోనులో పెండ్లి చూస్తాడు. చిన్న తెరలో తాళి కూడా సరిగ్గా కనిపించదు. అయినా అతను పెండ్లికి వచ్చినట్టా, రానట్టా? వచ్చినట్టే. మొదటి వరస కుర్చీలో కూర్చుని, తాళి కట్టే వేళకు తన ఫోనులో తలదూర్చినవాడే రానట్టు.

కాబట్టి ఈ మాఘమాసంలో మీకు స్నేహితుడి పెండ్లి పత్రిక వస్తే, ముహూర్తానికి గంట ముందు దిగి, అన్నం తిని పరుగెత్తకండి. ముందురోజు పొద్దుగూకే వేళకు చేరుకోండి. పందిట్లో కుర్చీలు వేసేవాళ్ళతో కలిసి నాలుగు కుర్చీలు వెయ్యండి, వంటవాళ్ళు తిన్నారో లేదో అడగండి. కువైట్‌లో ఉన్న మీ మూడో స్నేహితుడికి ఫోను కలిపి, మూడు ముళ్ళూ పడేదాకా చెయ్యి దించకుండా చూపించండి.