ఏమైందని అడగని పాట

మా రామకుప్పం పక్క పల్లెల్లో ఎన్నో ఇళ్ల పెద్దలు బెంగళూరులో పనికి పోయుంటారు. ఇంట్లో అవ్వ, తాత, ఒక పదహారేళ్ల పిలగాడు. పొద్దుగూకే వేళ పట్టుపురుగుల షెడ్డులో వాడు మల్బరీ ఆకు పరుస్తుంటాడు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండో చెవి అవ్వ పిలుపు కోసం ఖాళీ. సన్న చినుకు పడుతున్నట్టు పురుగులు ఆకు నమిలే చప్పుడు. దాని మీద, వాడొక్కడికే వినబడుతూ, ఇళయరాజా.

“ఏమైందిరా, అట్లుండావు?” అంటుంది అవ్వ. “ఏమీ లేదులేవ్వా” అంటాడు. అబద్ధమాడటం లేదు. ఆ వయసులో గుండెను పట్టుకునేదానికి పేరుండదు, పేరు లేనిదాన్ని ఎట్లా చెప్పుకుంటారు? పాట ఆ ప్రశ్నే వెయ్యదు. వచ్చి పక్కన కూర్చుంటుంది. ఎంత మర్యాద తెలిసిన చుట్టం!

మూడు రాష్ట్రాల ఎల్లలు దగ్గరపడే మూల మాది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ చెవిన పడుతూ పెరుగుతాం. ఆ మూడు భాషల్లోనూ దిగులుకు ఒకే గొంతు దొరకడం ఈ నేల అదృష్టం. హరికథలు చెప్పిన సాంబమూర్తిగారి కొడుకు, శ్రీకాళహస్తిలో బడికి పోయిన ఎస్పీ బాలుది ఆ గొంతు. ఆత్రేయ రాసి, ఇళయరాజా బాణీ కట్టిన ‘అభినందన’ సినిమా పాటలు 1988 నాటివి, ఈ పిలగాడు పుట్టడానికి ఎంతో ముందువి. వాటిలో బాలు ఊపిరి తీసుకునే చోటు కూడా వీడికి కంఠతా వచ్చు. 2020 సెప్టెంబరులో ఆయన పోయారనీ తెలుసు. ఐనా రాత్రి పదింటప్పుడు వీడి బాధ ఎరిగిన పెద్దమనిషి ఆయనే.

ఫోన్లొచ్చి పిల్లలు ముడుచుకుపోయారంటారు. ఫోన్లు లేని కాలంలో తాళ్లపాకలో ఒక పిల్లవాడుండేవాడు. పాడుకుంటూ కూర్చుంటాడని ఇంటిల్లిపాదీ పనులు పురమాయించేవారు. ఒకనాడు గడ్డికి పంపారు. కొడవలికి చిటికెన వేలు తెగింది. నాకెవరున్నారనుకున్నాడు. కొడవలీ గడ్డీ అక్కడే పారేసి, తిరుమలకు పోతున్న యాత్రికుల వెంట నడిచిపోయాడు. ఆ పిల్లవాడే అన్నమయ్య. ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో చెప్పిన కథ ఇది. చదివిన ప్రతిసారీ ఆ చిటికెన వేలి దగ్గరే నా మనసు నిలిచిపోతుంది. ఏ ఇంట్లోనైనా చిటికెడు పసుపుతో మానే గాయం. అద్దే చెయ్యి లేకపోయింది, అంతే.

పదహారో ఏట, 1424లో, పాట మొదలైందని ఆయన పాటలు చెక్కిన రాగిరేకులు చెబుతున్నాయి. 1503లో కన్నుమూసేదాకా ఆగలేదు. 32 వేలు చెప్పాడంటారు, మనకు దక్కినవే 12 వేలు దాటాయి. వాటిలో అలకలున్నాయి, నిష్ఠూరాలున్నాయి, నిద్రపట్టని రాత్రులున్నాయి. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేనిదంతా ఆడగొంతు తెచ్చుకుని మరీ దేవుణ్ణే నిలదీశాడు. ఒంటరి పిల్లవాడి లోపల అంత పాట పడుతుందా! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లంటుంది.

మా చిత్తూరు జిల్లాలో ఎండాకాలం ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర మహాభారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. ఇలాంటి పిలగాడొకడు హార్మోనియం పక్కకు ఎప్పుడో చేరుంటాడు. ఎవరూ వివరాలడగరు, చేతికి తాళాలిస్తారు. నాటకం మొదలయ్యేలోగా “ఒక పాట ఎత్తుకోరా అబ్బోడా” అంటారు. ఎత్తుకుంటాడు. గొంతు వణుకుతుంది, శ్రుతి తప్పుతుంది. హార్మోనియం ఆయనే వాడి శ్రుతికి తగ్గట్టు మెట్లు మార్చుకుంటాడు. ఇంట్లో నాలుగు మాటలు పలకని పిలగాడు అప్పుడు పాడతాడు చూడండి, మైకులో పక్కూరిదాకా వినబడేట్టు!