బండి కుంగాలి

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్లూ ఒక పండ్ల వ్యాపారికి సరుకు కోసం మోటార్‌సైకిల్ తీయాల్సిన పని పడలేదు. తోపుడుబండి గేటు దాకా నెట్టుకెళ్లి నింపుకొని వచ్చేవాడు. 2021లో మార్కెట్‌ను బాటసింగారం తరలించారు. అప్పటినుంచి ఎల్బీనగర్, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటి విజయవాడ రోడ్డు మీద పోయి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఎక్కువ సరుకైతే ట్రాలీ ఆటో మాట్లాడుకునేవాడు. తక్కువ కావాల్సిన రోజు ఇంట్లో ఉన్న పాత స్ప్లెండరే దిక్కు. వెనక సీటు మీద రెండు పెట్టెలు పెట్టి తాడుతో బిగించేవాడు.

ఆ బరువుకు వెనకభాగం నేలకు కుంగిపోయేది. చింతలకుంట అండర్‌పాస్‌లో దిగి మళ్లీ పైకి ఎక్కేటప్పుడు హ్యాండిల్ చేతిలో తేలిపోయినట్టుండేది. ముందు చక్రం మీద బరువు తగ్గితే అంతే మరి, తిప్పినా బండి ఆలస్యంగా వింటుంది.

తండ్రి ఇల్లు చేరాక బండి కొడుకుది. దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్. టీకొట్టు దగ్గర ఆగిన దోస్తుల బండ్లన్నీ తోక పైకెత్తి నిలబడితే, తన స్ప్లెండర్ ఒక్కటే కూలబడినట్టు కనిపించింది. "వెనక లేపితే మలుపు మంచిగ తిరుగుతది రా" అన్నాడొకడు. ఆ రాత్రే టూల్‌కిట్‌లోని వంకర పానా తీసి, రెండు షాకబ్జర్లనూ ఒకటో మెట్టు నుంచి ఐదో మెట్టుకు తిప్పేశాడు.

పొద్దున తండ్రి సరుకుతో వచ్చి మురిసిపోయాడు. బండి కుంగలేదు, హ్యాండిల్ తేలలేదు. "ఇగ దీన్ని ముట్టుకోకు బిడ్డా" అన్నాడు.

సాయంత్రం కొడుకు ఒంటరిగా బయల్దేరాడు. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల పక్కన బండి చురుగ్గా తిరిగింది. దోస్తు చెప్పింది నిజమే. కానీ ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా సీటు ఎగరేసి కొట్టింది. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర అతుకులు వేసిన తారు మీద బ్రేకు నొక్కేసరికి వెనక టైరు ఓ క్షణం నేలనే అంటలేదు, పక్కకు జారింది. కాలు ఆనించి ఎలాగో నిలదొక్కుకున్నాడు. ఇంటికొచ్చి, నాయినకు చెప్పకుండా మళ్లీ ఒకటో మెట్టుకు దించాడు.

మర్నాడు హయత్‌నగర్ దగ్గర ఒక గుంతలో పడగానే పెట్టెల బరువుతో వెనకభాగం అడుగంటా దిగి దబ్బున తగిలింది. తాడు తెగింది. బత్తాయిలు రోడ్డంతా దొర్లాయి.

ఇద్దరూ వాదులాడుకుంటూ కొత్తపేట గల్లీలోని మెకానిక్ దగ్గరకు వచ్చారు. ఐదో మెట్టే సరైనదని తండ్రి, ఒకటో మెట్టే మేలని కొడుకు.

మెకానిక్ ఎవరి పక్షమూ పట్టలేదు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాలిలో వేలాడుతుండగా ఇరుసు నుంచి సీటు కింది అంచు దాకా టేపుతో కొలిచాడు. తర్వాత స్టాండ్ దించి, ఐదో మెట్టులో పిల్లాణ్ని ఎక్కించి అదే చోట మళ్లీ కొలిచాడు. ఒక్క సెంటీమీటరు కుంగింది.

"చూసినవా తమ్మీ, చక్రం పైకి పోనీకి చోటుంది, కిందికి దిగనీకి లేదు. గుంత వచ్చినప్పుడు అది దిగి నేలను పట్టుకోవాలె గదా? దిగనీకి జాగలేకుంటే గాలిల తేలుతది. నిన్న నువ్వు జారింది అందుకే."

"స్ప్రింగ్ గట్టిగైంది గద అన్నా?"

"స్ప్రింగ్ అదే. దాని గట్టితనం ఏ మెట్టులనైనా అంతే. పానా తిప్పితే ముందే కొంచెం నొక్కుకొని కూసుంటది, బండి ఎత్తు మారుతది. ఇంకేం మారదు."

రెండో మెట్టుకు దించి మళ్లీ కొలిస్తే రెండున్నర వచ్చింది. తర్వాత పెట్టెలు కట్టించి తండ్రిని ఎక్కించాడు. ఒకటో మెట్టులో ఐదుకు పైగా కుంగింది, ఐదో మెట్టులో మూడు దగ్గర ఆగింది. ఆ చక్రం కదలిక మొత్తం తొమ్మిది సెంటీమీటర్లు. "అండ్ల మూడో వంతు దాకా మనిషి ఎక్కంగనే కుంగాలె. ఎవరు ఎక్కితే వాళ్ల బరువుతోని కొలవాలె" అని చెప్పి, షాకబ్జర్ మీద రెండో మెట్టు దగ్గర తెల్లరంగు చుక్క, ఐదో మెట్టు దగ్గర ఎర్రచుక్క పెట్టాడు. వంకర పానాను కొడుకు చేతికిచ్చాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో పెట్టెలు దించిన వెంటనే పానా తిప్పడం కొడుకు పని, పొద్దున పెట్టెలు కట్టే ముందు తిప్పడం తండ్రి పని.

నీతి: ఎత్తుగా కనిపించడం వేరు, నేలను పట్టుకొని ఉండటం వేరు. మోసే బరువుకు కొంత కుంగి ఉండటం లోపం కాదు, గుంతలో దిగడానికి దాచుకున్న చోటు అది. ఆ చోటు ఎంతుండాలో పక్కవాడి బండి చూసి తేల్చలేం.

ఈ నీతిని ఎల్బీనగర్ రోడ్ల మీద రోజూ తిరిగే డెలివరీ కుర్రాళ్లకు మరీ మరీ చెప్పాలనిపిస్తుంది. వాళ్ల బండి మీద బరువు పూటపూటకూ మారుతుంది. ఆదివారం అదే బండి మీద భార్యాపిల్లలు ఎక్కుతారు. వెనక కుంగితే హెడ్‌లైటు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో కొడుతుంది, వాడు రోడ్డు చూడలేడు. ఇది మన సౌకర్యం గొడవ కాదు, ఇంకొకరి ప్రాణం సంగతి.

తోక ఎత్తుగా కనిపించాలని కంపెనీవి తీసేసి పొడుగాటి షాకబ్జర్లు వేయించే వాళ్లున్నారు. దాన్ని నేను ఒప్పుకోను. వెనక లేచేకొద్దీ ముందు ఫోర్క్ నిటారవుతుంది. బండి చటుక్కున తిరుగుతుంది గానీ వేగంలో తిన్నగా నిలబడే గుణం తగ్గుతుంది. సైడ్ స్టాండ్ పొట్టిదై బండి మరీ ఒరిగిపోతుంది. చైను కోణం మారుతుంది. పైగా తయారీదారు ఇచ్చిన లెక్కకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన మెట్లు తిప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖర్చూ లేదు.

తిప్పేటప్పుడు రెండు వైపులా ఒకే మెట్టులో ఉంచండి. ఒకవైపు మూడు, ఇంకోవైపు నాలుగు ఉంటే రెండు స్ప్రింగులు సమానంగా మోయవు, చక్రాన్ని పట్టుకున్న వెనక ఫోర్క్ మెలిపడుతుంది. తర్వాత బండి ఎక్కి, చైను వదులు ఇంకోసారి చూసుకోండి.