బాల్యం, వివేకం, శిక్ష: కరవు నేల మీద నుంచి ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

పద్దెనిమిదేళ్లు నిండని బాలుడిపై ఘోర నేరారోపణ వచ్చినప్పుడు అతణ్ణి బాలుడిగానే విచారించాలా, వయోజనుడిగా విచారించాలా అన్నది పైకి న్యాయశాస్త్రానికి చెందిన ప్రశ్న. దాని అడుగున మరొక ప్రశ్న ఉంది. మనిషి ఎప్పుడు పెద్దవాడవుతాడు? ఆ సంగతి ఏ కొలతతో తేల్చాలి? ఈ రెండో ప్రశ్నకు న్యాయస్థానాలకంటే ముందే సమాజం తన భాషలో, కథల్లో, సామెతల్లో జవాబులు చెప్పుకుంది. వాటిలో కొన్ని బాలుణ్ణి కాపాడతాయి, కొన్ని అతనికి హాని చేస్తాయి. ఆ తేడాను అనంతపురం ప్రాంతపు బాల్యాన్ని ఆధారం చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కుటుంబ భారాన్ని మోయగల శక్తి వేరు, నేరానికి నైతికంగా బాధ్యత వహించగల వివేకం వేరు. మొదటిదాన్ని చూసి రెండోది ఉందని నిర్ణయించడం అన్యాయమని ఇక్కడి ప్రతిపాదన.

చట్టం అడిగే ప్రశ్న

2012 డిసెంబరు 16న ఢిల్లీలో జరిగిన అత్యాచార ఘటన నిందితుల్లో ఒకడు పద్దెనిమిదేళ్లు నిండనివాడు. అప్పటి చట్టం ప్రకారం అతనికి పడిన గరిష్ఠ శిక్ష ప్రత్యేక గృహంలో మూడేళ్లు. దేశమంతటా వ్యక్తమైన ఆగ్రహం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టానికి దారి తీసింది. 2016 జనవరి 15 నుంచి అది అమల్లో ఉంది. పదహారు నిండి పద్దెనిమిది నిండని బాలుడిపై ఘోర నేరారోపణ ఉంటే జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమిక అంచనా జరపాలని అందులోని 15వ సెక్షన్ చెబుతుంది. ఆ నేరం చేయగల శారీరక, మానసిక సామర్థ్యం, దాని పర్యవసానాలను గ్రహించగల శక్తి, నేరం జరిగిందంటున్న పరిస్థితులు అనే మూడు విషయాలను బోర్డు చూడాలి. వయోజనుడిగా విచారణ అవసరమని భావిస్తే కేసును బాలల న్యాయస్థానానికి పంపవచ్చు. ఆ న్యాయస్థానం కూడా అవసరాన్ని మళ్లీ పరిశీలించాలి. మరణశిక్ష గానీ, విడుదలకు అవకాశం లేని యావజ్జీవం గానీ విధించరాదు.

ఇదే చట్టంలోని 3వ సెక్షన్ పద్దెనిమిదేళ్ల లోపు ప్రతి బాలుడికీ దుష్ట సంకల్పం గానీ నేర సంకల్పం గానీ లేదని భావించాలని ప్రాథమిక సూత్రంగా ప్రకటించింది. 15వ సెక్షన్ మాత్రం నేరం రుజువు కాకముందే, ఆ నేరం చేయగల సామర్థ్యం అతనికి ఉందా అని అడుగుతుంది. ఒకే చట్టంలో ఈ రెండు స్వరాలూ వినిపిస్తాయి.

ఇంకొక తేడా కూడా గమనించదగినది. పాత భారతీయ శిక్షాస్మృతి 83వ సెక్షన్ ఏడు దాటి పన్నెండు నిండని పిల్లల విషయంలో ‘తగిన పరిపక్వత లేకపోతే’ నేరమే కాదన్నది. నేటి భారతీయ న్యాయ సంహిత కూడా ఈ సూత్రాన్ని నిలుపుకుంది. అక్కడ పరిపక్వత గురించిన ప్రశ్న బాలుణ్ణి శిక్ష నుంచి తప్పించడానికి పుట్టింది. 15వ సెక్షన్‌లో దాదాపు అదే ప్రశ్న బాలుణ్ణి రక్షణ వలయం నుంచి బయటకు పంపడానికి ఉపయోగపడుతున్నది. కొలత ఒకటే అయినా ప్రయోజనం తలకిందులైంది. అందుచేత ఆ కొలతను ఎంత జాగ్రత్తగా వాడుతున్నామన్నది ప్రాణప్రదమైన విషయమవుతుంది.

అణిమాండవ్యుడి అభ్యంతరం

మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుడి కథ తెలుగు పాఠకులకు నన్నయ కాలం నుంచీ పరిచితమే. మౌనవ్రతంలో ఉన్న మునిని దొంగలతో చేరినవాడని భావించి రాజు కొరత వేయిస్తాడు. ముని మరణించడు. అనంతరం యమధర్మరాజును నిలదీసి, తాను ఏ పాపానికి ఈ ఫలం అనుభవించానని అడుగుతాడు. చిన్నతనంలో పురుగులను పుల్లతో గుచ్చిన పాపమని యముడు బదులిస్తాడు. అల్పమైన అపరాధానికి ఇంత దండనా అని ముని యముణ్ణి శూద్ర స్త్రీ గర్భాన జన్మించమని శపిస్తాడు. ఆ జన్మే విదురుడు. పద్నాలుగేళ్ల వయసు వరకు చేసిన పని పాతకం కాదని ముని ఒక హద్దు కూడా గీస్తాడని సంస్కృత మూలం చెబుతుంది.

ఈ కథలో మూడు అంశాలు మన చర్చకు అవసరం. మొదటిది, పురుగులను గుచ్చానన్న వాస్తవాన్ని మాండవ్యుడు కాదనలేదు. బాలుడి చేతను పెద్దవాడి త్రాసులో తూచడాన్నే కాదన్నాడు. రెండోది, హద్దును అతడు వ్యక్తిని బట్టి కాక వయసును బట్టి గీశాడు. ఈ పిల్లవాడు తెలివైనవాడా, బలమైనవాడా అని విచారించమని చెప్పలేదు. మూడోది, తీర్పు చెప్పిన యముడికి విధించిన ఫలం కేవలం బాధ కాదు. రాజ్యార్హత లేని స్థానంలో పుట్టి, లోకాన్ని కింది నుంచి చూడవలసిన జీవితం. తీర్పరి తాను తీర్పు చెప్పే మనిషి బతికే చోటును ఎరిగి ఉండాలన్న సూచన ఇందులో ఉందని భావించవచ్చు.

ఈ పోలికకు పరిమితి ఉంది. పురుగు వేరు, మనిషి ప్రాణం వేరు. మాండవ్యుడు గీసిన హద్దు పదహారు దాటినవాడికి వర్తించదు కూడా. కాబట్టి ఈ కథ నేటి సమస్యకు పరిష్కారం కాదు. తూచే త్రాసును ప్రశ్నించే హక్కు మన సంప్రదాయంలోనే ఉందని మాత్రం అది చూపిస్తుంది.

కరవు నేలలో ‘పెద్దవాడు’

అనంతపురం ప్రాంతం వర్షచ్ఛాయలో ఉంది. ఏటా కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ సమయానికి పడదు. వేరుశనగ మీద ఆధారపడిన సేద్యాన్ని సింగమనేని నారాయణ తన కథ ఒకదానికి ‘జూదం’ అని పేరు పెట్టి చూపారు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ నాటి నుంచి ఈ సీమ సాహిత్యంలో ప్రధాన పాత్ర కరవే. వాన తప్పిన ఏడు తల్లిదండ్రులు బెంగళూరుకు వలస పోతే ముసలివాళ్లనూ, చెల్లెళ్లనూ, పశువులనూ చూసుకోవలసిన బరువు ఇంటి పెద్ద కొడుకు మీద పడుతుంది. బోరు ఎండి, అప్పు పెరిగి తండ్రి ప్రాణం తీసుకున్న ఇంట్లో అప్పులవాళ్లకు సమాధానం చెప్పేది కూడా కొన్నిసార్లు ఆ కొడుకే.

ఇటువంటి బాలుణ్ణి సూచించడానికి తెలుగులో మాటలు చాలా ఉన్నాయి. ‘ఎదిగినవాడు’ అన్న మాట దేహాన్ని కొలుస్తుంది. ‘చేతికి అందివచ్చినవాడు’ అన్న మాట శ్రమను కొలుస్తుంది. అతని చేయి ఇంటికి అందింది అని దాని అర్థం. ‘తెలిసినవాడు’ అన్న మాట ఒక్కటే వివేకాన్ని కొలుస్తుంది. వాడుకలో ఈ మూడూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మీసం మొలిచి, మడకపట్టి, కూలి తెచ్చేవాణ్ణి తెలిసినవాడని కూడా అనేస్తాం. ఇంట్లో ఈ కలగాపులగం వల్ల పెద్ద ప్రమాదం లేదు. బోర్డు ముందు అదే జరిగితే ఒక జీవితం దారి తప్పుతుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. పదహారున్నరేళ్ల ఇద్దరు బాలురపై ఒకే తరహా ఆరోపణ ఉందనుకుందాం. ఒకడు పదో ఏట నుంచి గొర్రెలు కాస్తూ, సంతలో బేరమాడుతూ, ఇంటి లెక్క చూస్తూ పెరిగాడు. ఇంకొకడు కారులో బడికి పోయి, అన్నీ ఇతరులు సమకూర్చగా పెరిగాడు. సామర్థ్యం గురించి అడిగితే మొదటివాడు నిబ్బరంగా జవాబిస్తాడు. రెండోవాడు తడబడతాడు. సామర్థ్యాన్ని మాత్రమే చూసే అంచనాలో మొదటివాడు పెద్దవాడిగా తేలతాడు. సమాజం అతనికి ఇవ్వని బాల్యమే అతనిపై సాక్ష్యమవుతుంది. కరవు ఒకసారి బడిని లాక్కుంది. ఇప్పుడు చట్టం ఇచ్చిన రక్షణను కూడా లాక్కుంటుంది.

వయసు నిర్ణయంలోనూ ఈ అసమానత ఉంది. చట్టం మొదట బడి ధ్రువపత్రంలోని పుట్టిన తేదీని చూడమంటుంది. ఇంట్లో పురుడు పోసుకున్న కుటుంబాల్లో ఆ తేదీ చాలాసార్లు బడిలో చేర్చుకున్న నాడు ఉపాధ్యాయుడు అంచనాగా వేసినదే. పదహారుకు ఇటా అటా అన్నది అటువంటి తేదీ మీద ఆధారపడినప్పుడు, కచ్చితమైన గీత అనుకున్నది కూడా అందరికీ ఒకే చోట ఉండదు.

ఈ తర్కాన్ని బాలికల విషయంలో మనం ఇప్పటికే తిరస్కరించామని గుర్తుంచుకోవాలి. ‘ఈడొచ్చింది’ అన్న మాట దేహపు ఎదుగుదలను పెళ్లికి అర్హతగా మార్చింది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఆ మాటను ఒప్పుకోలేదు. ఇంటి పనంతా చేయగల పదహారేళ్ల అమ్మాయి పెళ్లికి పెద్దది కాదన్నప్పుడు, పొలం పనంతా చేయగల పదహారేళ్ల అబ్బాయి జైలుకు పెద్దవాడు ఎట్లా అవుతాడు?

బాధితుల పక్షం

ఈ వాదానికి ఎదురుగా నిలిచే ప్రశ్న బలమైనది. బాధితుల మాటేమిటి? 2022 మే 28న హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో ఒక మైనరు బాలికపై జరిగిన సామూహిక అత్యాచారం కేసులో నిందితుల్లో ఐదుగురు పద్దెనిమిదేళ్ల లోపువారు. వారిలో నలుగురిని వయోజనులుగా విచారించాలని బోర్డు ఆ ఏడాదే నిర్ణయించింది. మరుసటి ఏడు హైకోర్టు ఒకరి విషయంలో ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. 2024 జూలైలో నంద్యాల జిల్లా ముచ్చుమర్రిలో ఒక చిన్నారి విషయంలో ఆరోపణ ఎదుర్కొన్న బాలురు పదహారుకు చాలా దూరంలో ఉన్నవారు. అక్కడ 15వ సెక్షన్ వర్తించనే వర్తించదు. కన్నవాళ్ల దుఃఖం ముందు వయసు లెక్కలు చెప్పడం క్రూరంగా తోచడం సహజం.

ఆ దుఃఖాన్ని తక్కువ చేయకుండానే రెండు మాటలు చెప్పవచ్చు. బోర్డు గరిష్ఠంగా మూడేళ్లే విధించగలదు. వయోజన విచారణలో శిక్ష యావజ్జీవం దాకా పోవచ్చు. ఈ రెండింటి మధ్య ఉన్న అగాధమే మనల్ని బాలుణ్ణి పెద్దవాడని పిలవడానికి తొందరపెడుతున్నది. శిక్షా కాలం చాలదనిపిస్తే శాసనసభలు ఆ కాలాన్ని గురించి నేరుగా చర్చించాలి. దాన్ని సరిదిద్దడానికి బాలుడి మనసును గురించి లేని నిజాన్ని కల్పించరాదు. ఇక రెండోది, వివేకం ఉన్నట్టు నిజంగా రుజువైన చోట బదిలీని ఈ వ్యాసం కాదనడం లేదు. ఆ రుజువు దేని మీద నిలవాలన్నదే ఇక్కడి పట్టుదల.

‘పర్యవసానాలు’ అన్న బహువచనం

2022 జూలై 13న బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఈ విషయంలో దారి చూపుతుంది. చట్టం ‘పర్యవసానాలు’ అని బహువచనం వాడిందని కోర్టు గుర్తుచేసింది. కొడితే దెబ్బ తగులుతుందని తెలియడం ఒక్కటే చాలదు. బాధితుడి కుటుంబానికి, తన కుటుంబానికి, తన భవిష్యత్తుకు ఏమవుతుందో గ్రహించగలగాలి. బోర్డులో బాలల మనస్తత్వం చదివినవారు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని కూడా ఆ తీర్పు స్పష్టం చేసింది.

భాషను చదివేవారికి ఆ బహువచనం విలువ తెలుసు. చేత ఒకటి, దాని ఫలాలు అనేకం. సంతలో గొర్రె ధర తెలిసిన బాలుడికి తన కోపం ఇంకొక ఇంట్లో ఎన్నేళ్లు మండుతుందో తెలిసి ఉండాలని లేదు. పైగా ఒక్కణ్ణే కూర్చోబెట్టి అడిగినప్పుడు కనబడే వివేకం తోటివాళ్ల గుంపులో, కోపంలో, భయంలో నిలవకపోవచ్చు. అంచనా వేయవలసింది అతని నిత్య జీవనంలోని చాకచక్యాన్ని కాదు, ఇతరుల బాధను ఊహించగల శక్తిని.

పరిస్థితులు అన్న మూడో అంశాన్ని కూడా ఈ దృష్టితోనే చదవాలి. పేదరికం, వలస, అనాథత్వం అతణ్ణి ముందుగా పెద్దవాణ్ణి చేశాయని రాసే నివేదిక, ఆ వాక్యాన్ని అతనికి వ్యతిరేకంగా రాయకూడదు. అవి బాల్యం పూర్తయిందనడానికి గుర్తులు కావు. బాల్యం అందలేదనడానికి గుర్తులు.

ముగింపు

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను మనం సాధారణంగా కట్టడికి, దండనకు సమర్థనగా వాడతాం. దాని తర్కం మరొక వైపు కూడా నడుస్తుంది. మొక్క ఇంకా వంగుతుందన్న నమ్మకం లేకపోతే ఆ సామెతకు అర్థమే లేదు. బాలల న్యాయం నిలిచి ఉన్నది కూడా ఆ నమ్మకం మీదే. వయోజనుడిగా విచారణ జరిగినా ఇరవై ఒకటో ఏట అతని మార్పును మళ్లీ పరిశీలించాలని 20వ సెక్షన్ నిర్దేశించడానికి కారణం ఇదే.

కాబట్టి బదిలీ చేయాలా వద్దా అని నిర్ణయించేవారు మూడు కొలతలను విడివిడిగా ఉంచాలి. దేహబలం దేహబలమే. మోసిన బరువు మోసిన బరువే. వివేకాన్ని వివేకంగానే వెతకాలి; అది స్పష్టంగా కనబడనప్పుడు బాలుణ్ణి బాలుడిగానే ఉంచాలి. అనంతపురం వంటి నేలలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఇక్కడ పిల్లలు త్వరగా బరువులు ఎత్తుకుంటారు. ఎత్తుకున్నందుకు వాళ్లను మెచ్చుకొని, ఆ మెప్పునే తర్వాత నేరపత్రంగా చదవడం ధర్మం కాదు.