రిపోర్టులన్నీ నార్మల్

బీపీకి యంత్రం ఉంది, షుగర్‌కు పరీక్ష ఉంది. పార్శ్వపు నొప్పి, అదే మైగ్రేన్, ఏ స్కానింగ్‌లోనూ కనబడదు. "రిపోర్టులన్నీ నార్మల్" అనగానే ఇంటిల్లిపాదీ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. కిటికీలు మూసి, తలకు గుడ్డ బిగించి కట్టుకుని, కుక్కర్ కూతకే కణతలు పట్టుకునే ఇల్లాలికి మాత్రం ఆ మాటతో నొప్పి తగ్గదు. పైగా వంకలు చెబుతోందన్న అనుమానం తోడవుతుంది. కనబడని బాధను నమ్మడానికి మనకు ఏ సాక్ష్యం కావాలి?

అంతర్జాతీయ తలనొప్పుల సంఘం 1988లో తొలి వర్గీకరణను వెలువరించింది. దాని మూడో కూర్పు 2018లో వచ్చింది. మైగ్రేన్ అని తేల్చడానికి అది అడిగేవన్నీ మనిషి నోటితో చెప్పాల్సినవే. కనీసం అయిదుసార్లు వచ్చిందా? మందు వేసుకోనప్పుడు, లేదా వేసుకున్నది పనిచేయనప్పుడు 4 నుంచి 72 గంటలు ఉంటోందా? ఒకవైపేనా, పోటు పొడుస్తోందా, పని చేసుకోనివ్వనంత బాధా, మెట్లెక్కితే పెరుగుతోందా? వికారంగా ఉందా, లేక వెలుతురూ చప్పుడూ రెండూ భరించలేకపోతున్నారా? వేరే జబ్బేదీ కారణం కాదని చూసుకున్నాక, వైద్యుడు రోగి మాట మీదే నిర్ణయానికి రావాలి. ఇంత ఆధునిక శాస్త్రం చివరికి మనిషి మాటను ఆధారంగా తీసుకోవడం నాకు ఎంతో గౌరవప్రదంగా తోస్తుంది.

కానీ ఆ మాట చెప్పే వ్యవధి ఎవరికి దొరుకుతోంది? ఓపీ వరుసలో వెనక వందమంది ఉంటే, ఏళ్ల తరబడి ఓర్చుకున్న మనిషి "మామూలు తలనొప్పేనండీ" అని లేచిపోతుంది.

తలనొప్పులను ఇలా రకాలుగా విడదీస్తే మనిషి మాయమైపోతాడని కొందరి భయం. నాకలా అనిపించదు. ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడూ శిరోరోగాలను పదకొండుగా విడదీశాడు. మైగ్రేన్ వచ్చిన మనిషి కదలకుండా పడుకుంటే, క్లస్టర్ తలనొప్పి వచ్చినవాడు ఒక కంట నీరు కారుతూ గదంతా తిరుగుతాడు. అతనికి ఆక్సిజన్ పీల్పిస్తే ఉపశమనం దొరకవచ్చు. ఇద్దరికీ ఒకే మాత్ర ఇచ్చి పంపడం అన్యాయం. మామూలు నొప్పి మాత్రలే నెలకు 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా మింగితే, ఆ మాత్రలే కొత్త తలనొప్పిని తేవచ్చు. కావాల్సినవాటిలో ఒక్కటి తక్కువైనవాళ్లకు "మైగ్రేన్ కావచ్చు" అనే విభాగాన్నీ తలనొప్పుల సంఘం వర్గీకరణ ఉంచింది.

ఇంట్లో ఎవరైనా తలనొప్పి అంటే, ఎప్పటినుంచి, ఎటువైపు, ఎంతసేపు అని అడగండి, రాసి పెట్టండి. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, మాట తడబడినా మాత్రం అడుగుతూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.