తెలిసియు పూనుకొనలేనివారు



పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందు ఆయ్దక్కి మారయ్య అను శరణుడుండెను. నేల రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చి జంగమ దాసోహము సల్పుట ఆయన కాయకము. ఒకనాడు అనుభవగోష్ఠిలో మునిగి ఆ కాయకమునే మరచెనట. ధర్మపత్ని లక్కమ్మ ఆయనను సోమరి యనలేదు. వేళ మించుచున్నదని గుర్తుచేసి పంపినది.

మన యిండ్లలో కొందరు బిడ్డలు (పెద్దలును కలరు) పుస్తకము ముందుంచుకొని గంటలకొలది కూర్చుందురు. చేయవలెనని తెలియును, చేయవలెననియే యుండును. మొదటి అక్షరము మాత్రము పడదు. ఆ బిడ్డయే నచ్చిన ఆటలో పూటంతయు లీనమగును. అది చూచియే పెద్దలకు కోపము. వైద్యులు దీనిని ఏ.డి.హెచ్.డి. అందురు. 1980లో అమెరికా మనోవైద్యుల గ్రంథమున అవధానలోపమను పేరు చేరినది. 1987లో అతిచంచలత్వమును కలిపి నేటి పేరు పెట్టిరి. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినది, చాలవరకు వంశానుగతము. ఇట్టివాడు ఇష్టలింగ పూజకు కుదురుగా కూర్చుండకున్న భక్తిలేనివాడనుట అన్యాయము. బెత్తముతో భయము పుట్టును గాని ఆరంభము పుట్టదు.

పరధ్యానమెల్ల ఈ లోపము కాదు. దానిని వైద్యుడే తేల్చవలెను. మందులు కలవు, పలువురకు మేలు చేయుచున్నవి. ఇంటిలో మాత్రము "పాఠమంతయు చదువుము" అనక "పుస్తకము తెరువుము" అని చూడుడు. తల్లి చాటలో బియ్యమేరుకొనుచు మాటలాడక ప్రక్కన కూర్చున్నను, కొందరు బిడ్డలకు చేయి కదలును.