హన్నా కుట్టిన అంగీ
(1 సమూయేలు 2:19)



శనివారము వచ్చెననిన తల్లులకు నిద్ర లేదు. మేమును కోడి కూయకమునుపే లేచి, పులిహోర కలిపి, రాత్రి ఉతికిన బనియను ఆరలేదని పొయ్యి దగ్గర పట్టి, పిల్లవానితో మండల కేంద్రమునకు కబడ్డీ పోటీకి పోవుచున్నాము. కూత 30 సెకనులు, ఆట ఒక గంటయైనను పట్టదు. మా దినమంతయు ఎండపాలు! ఆదివారమున పోటీ పెట్టినయెడల ఆరాధన తప్పునని మనస్సు నొచ్చుచున్నది. అట్టి వేళ గొణుగుటకంటె, మన ఆట మధ్యాహ్నమునకు మార్చుడని ఉపాధ్యాయులను ముందుగా అడుగుట మేలు.

హన్నాను జ్ఞాపకము చేసికొందము. ఆమె యేటేట సమూయేలునకు చిన్న అంగీ కుట్టి షిలోహునకు తీసికొనిపోయెను. బిడ్డ దగ్గర లేడు, కొలత తీయ వీలులేదు. నిరుడు ఇంత యుండెను, ఈ యేడు ఇంత పెరిగియుండునని తలంచుచునే గుడ్డ కత్తిరించియుండును గదా! తరువాత ముగ్గురు కుమారులును ఇద్దరు కుమార్తెలును కలిగినను, ఆ అంగీ కుట్టుట ఆమె మానెనని ఎక్కడను వ్రాయబడలేదు. కుట్టినంతసేపు ఆమె బిడ్డయొద్దనే యుండెనని మాకు తోచుచున్నది. ఆమెకు ఏటికి ఒక్కసారి. మనకైతే ప్రతి శనివారము.

మొన్న మావాడు ఓడిపోయి బస్సులో నోరు విప్పలేదు. సగము దారిలో నిద్రపోయి మా భుజముమీద తల వాల్చెను. ఆ రాత్రి బనియను దుమ్ము వదలగొట్టి చిరుగు కుట్టుచుండగా చూచితిమి: జూన్ నెలలో కొన్నది, అప్పుడే పొట్టియైపోయినది.